ఐస్‌లాండ్ 21 ఏళ్ళ లోపు జాతీయ ఫుట్‌బాల్ జట్టు

ఐస్‌లాండ్ 21 ఏళ్ళ లోపు జాతీయ ఫుట్‌బాల్ జట్టు అంతర్జాతీయ పోటీలలో ఐస్‌లాండ్ దేశానికి ప్రాతినిధ్యం వహించే యువకుల జట్టు. ఇది ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ సంఘం ఆధ్వర్యంలో నడుస్తుంది. రెండేళ్ళకు ఒకసారి జరిగే ఐరోపా 21 ఏళ్ళ లోపు ఛాంపియన్‌షిప్ ఈ జట్టు ఆడే ప్రధాన పోటీ. 2025 వరకు జరిగిన ఛాంపియన్‌షిప్‌లలో ఐస్‌లాండ్ రెండుసార్లు మాత్రమే, 2011 మరియు 2021 సంవత్సరాలలో, తుది పోటీలకు అర్హత సాధించినది. వీటిలో 2011 నాటి జట్టు ఆ దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో ప్రత్యేక స్థానం పొందినది. ఆ జట్టులోని పలువురు ఆటగాళ్ళే తరువాత పెద్దల జట్టును ఐరోపా కప్పుకు, ప్రపంచ కప్పుకు చేర్చారు.

వయోపరిమితి, పేర్లు

ఆటగాళ్ళ వయసును అర్హత పోటీలు ప్రారంభమయ్యే నాటికి లెక్కిస్తారు. అందువలన తుది పోటీల సమయానికి కొందరికి 23 ఏళ్ళు కూడా ఉండవచ్చు. 2011 పోటీలకు 1988 జనవరి 1న గాని, ఆ తరువాత గాని జన్మించినవారు అర్హులు.

ఐస్‌లాండ్ ప్రజలలో అత్యధికులకు ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరుకు "సన్" అనే ప్రత్యయాన్ని చేర్చి కుమారుని పేరులో రెండవ భాగంగా వాడతారు. అక్కడ మనుషులను మొదటి పేరుతోనే పిలవడం ఆచారం. ఈ వ్యాసంలో కూడా ఆ పద్ధతినే పాటించడమైనది.

నేపథ్యం

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలోని ఐస్‌లాండ్ జనాభా 2011లో సుమారు 3 లక్షల 20 వేలు. శీతాకాలంలో పగటి వెలుగు కొద్ది గంటలే ఉంటుంది. చలిగాలులకు, మంచుకు ఆరుబయట మైదానాలు ఆటకు పనికిరావు. అందుచేత పూర్వం అక్కడ ఫుట్‌బాల్ ప్రధానంగా వేసవి ఆటగానే ఉండేది.

2000లో రేక్యానెస్‌బాయిర్ పట్టణంలో పూర్తి పరిమాణపు మైదానం గల పైకప్పు భవనం ప్రారంభమైనది. తరువాతి సంవత్సరాలలో మరికొన్ని పట్టణాలు కూడా ఇటువంటి భవనాలను, కృత్రిమ పచ్చిక మైదానాలను నిర్మించాయి. దీనితో పిల్లలకు ఏడాది పొడవునా సాధన చేసే వీలు కలిగినది. ఫుట్‌బాల్ సంఘం శిక్షకుల చదువుపై కూడా శ్రద్ధ వహించినది. చిన్న పిల్లలకు నేర్పేవారు సైతం ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యోగ్యతాపత్రం పొందినవారై ఉండడం అక్కడ సాధారణమైనది. ఈ సదుపాయాల మధ్య పెరిగిన మొదటి తరం ఆటగాళ్ళు 2009 నాటికి ఈ జట్టులో ప్రవేశించారు.

2011 అర్హత పోటీలు

అప్పటి శిక్షకుడు ఎయోల్ఫుర్ స్వెరిసన్. ఈయన 1992లో జర్మనీ లీగు విజేతగా నిలిచిన స్టుట్‌గార్ట్ జట్టు సభ్యుడు. ఐస్‌లాండ్ ఉన్న వర్గంలో జర్మనీ, చెక్ గణతంత్రం, ఉత్తర ఐర్లాండ్, శాన్ మారినో జట్లు ఉన్నాయి. జర్మనీ 2009 నాటి విజేత. 2010 ఆగస్టులో హాఫ్నార్‌ఫ్యోర్దుర్ పట్టణంలో జరిగిన ఆటలో ఐస్‌లాండ్ ఆ జర్మనీని 4-1 తేడాతో ఓడించినది. వర్గంలో చెక్ గణతంత్రం మొదటి స్థానం, ఐస్‌లాండ్ రెండవ స్థానం పొందగా, జర్మనీ మూడవ స్థానంతో పోటీ నుండి నిష్క్రమించినది.

రెండవ స్థానం పొందిన జట్లలో మెరుగైన నాలుగింటికి మాత్రమే తుది అర్హత ఆటలు ఆడే అవకాశం ఉండేది. వాటిలో ఒకటైన ఐస్‌లాండ్‌కు స్కాట్లాండ్ ప్రత్యర్థిగా వచ్చినది. అదే వారంలో పెద్దల జట్టు రేక్యావిక్‌లో పోర్చుగల్‌తో ఆడవలసి ఉన్నది. రెండు జట్లకూ కావలసిన ఆటగాళ్ళు ఒక్కరే కావడంతో ఎవరిని ఎక్కడ ఆడించాలన్న సమస్య ఏర్పడినది. ముఖ్యమైన యువ ఆటగాళ్ళను యువజట్టులోనే ఉంచారు. స్కాట్లాండ్‌పై రెండు ఆటలలోనూ ఐస్‌లాండ్ 2-1 తేడాతో గెలిచినది. ఎడిన్‌బరోలో జరిగిన రెండవ ఆటలో ఐస్‌లాండ్ రెండు గోళ్ళనూ గిల్వీ సిగుర్ద్‌సన్ సాధించాడు. ఆ మరునాడు పెద్దల జట్టు పోర్చుగల్ చేతిలో 1-3 తేడాతో ఓడిపోయినది.

2011 తుది పోటీలు

తుది పోటీలు 2011 జూన్‌లో డెన్మార్క్‌లో జరిగాయి. ఎనిమిది జట్లు పాల్గొన్నాయి. ఐస్‌లాండ్ ఆటల ఫలితాలు:

జూన్ 11, ఆర్హుస్: బెలారస్ 2 - ఐస్‌లాండ్ 0
జూన్ 14, ఆల్బోర్గ్: స్విట్జర్లాండ్ 2 - ఐస్‌లాండ్ 0
జూన్ 18, ఆల్బోర్గ్: ఐస్‌లాండ్ 3 - డెన్మార్క్ 1

మొదటి ఆటలో ఆరోన్ గున్నార్సన్ ఎర్ర కార్డు పొంది మైదానం విడిచాడు. అప్పుడు లభించిన పెనాల్టీతో బెలారస్ తొలి గోలు చేసినది. మూడవ ఆటలో కోల్బెయిన్ సిగ్‌థోర్సన్, బిర్కిర్ బ్యార్నసన్ రెండు నిమిషాల వ్యవధిలో చెరొక గోలు చేశారు. 81వ నిమిషంలో డెన్మార్క్ ఒక గోలు చేయగా, అదనపు సమయంలో హ్యోర్తుర్ లోగి వాల్గార్ద్‌సన్ మూడవ గోలు సాధించాడు.

స్విట్జర్లాండ్ మూడు ఆటలూ గెలిచి 9 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచినది. మిగిలిన మూడు జట్లకు తలా 3 పాయింట్లు వచ్చాయి. అంతేకాక మూడూ సరిగ్గా 3 గోళ్ళు చేసి 5 గోళ్ళు ఇచ్చుకున్నాయి. నియమం ప్రకారం ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన ఆటలను మాత్రమే లెక్కించారు. ఆ లెక్క ఇట్లున్నది:

బెలారస్: చేసినవి 3, ఇచ్చినవి 2
ఐస్‌లాండ్: చేసినవి 3, ఇచ్చినవి 3
డెన్మార్క్: చేసినవి 3, ఇచ్చినవి 4

ఒక్క గోలు తేడాతో బెలారస్ సెమీఫైనల్‌కు వెళ్ళినది. ఐస్‌లాండ్ నాలుగవ గోలు చేసి 4-1తో గెలిచి ఉంటే గోళ్ళ తేడాలో బెలారస్‌తో సమానమై, చేసిన గోళ్ళ సంఖ్యలో దానిని మించి ముందుకు పోయి ఉండేది. ఈ పోటీలే 2012 లండన్ ఒలింపిక్స్‌కు ఐరోపా జట్లను నిర్ణయించినవి కూడా. చివరకు బెలారస్ మూడవ స్థానం పొంది ఒలింపిక్స్‌కు అర్హత సాధించినది.

పెద్దల జట్టుపై ప్రభావం

2011 చివరలో స్వీడన్‌కు చెందిన లార్స్ లాగర్‌బ్యాక్ పెద్దల జట్టు శిక్షకుడైనాడు. కలిసి పెరిగిన ఈ యువకులే ఆయన జట్టుకు మూలాధారమయ్యారు. 2016 జూన్ 27న ఐరోపా కప్పులో ఇంగ్లాండును 2-1 తేడాతో ఓడించిన పదకొండు మందిలో గిల్వీ, ఆరోన్, బిర్కిర్, కోల్బెయిన్, యోహాన్ బెర్గ్ గుడ్మండ్సన్ అనే ఐదుగురు 2011 యువజట్టు వారే. ఆ ఆటలో విజయాన్నిచ్చిన గోలు కోల్బెయిన్ చేసినది. 2018లో ఐస్‌లాండ్ ప్రపంచ కప్పు ఆడినది. అప్పటివరకు ఆ పోటీలలో పాల్గొన్న దేశాలలో జనాభా రీత్యా ఇదే అతి చిన్నది. అర్జెంటీనాతో 1-1గా ముగిసిన తొలి ఆటలో గోలు చేసిన అల్ఫ్రెడ్ ఫిన్‌బోగసన్ కూడా 2011 యువజట్టు సభ్యుడే.

తరువాతి పోటీలు

2015 పోటీల అర్హత ఆటలలో ఐస్‌లాండ్, డెన్మార్క్‌తో 0-0, 1-1గా సమంగా నిలిచినా, ప్రత్యర్థి మైదానంలో చేసిన గోలు నియమం వలన అవకాశం కోల్పోయినది. 2021లో హంగరీ, స్లొవేనియా దేశాలలో జరిగిన తుది పోటీలలో రష్యా చేతిలో 1-4, డెన్మార్క్ చేతిలో 0-2, ఫ్రాన్స్ చేతిలో 0-2 తేడాలతో ఓడినది. 2023 పోటీల చివరి అర్హత దశలో చెక్ గణతంత్రం చేతిలో ఓడిపోయినది.

ఇవి కూడా చూడండి

ఐస్‌లాండ్
ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య
2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు