కోరంగి

గోదావరి గౌతమీ శాఖ సముద్రమును సమీపించు చోట, కాకినాడనుండి యానామునకు పోవు మార్గమున, తాళ్లరేవు మండలమున నున్న చిన్న గ్రామము కోరంగి. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమునను, పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమునను ఇది కోరమాండల్ తీరమందలి ప్రధానమైన ఓడల నిర్మాణ కేంద్రములలో ఒకటిగా ప్రసిద్ధి కెక్కినది. నేడు ఇచ్చటికి వచ్చు యాత్రికులలో అధికసంఖ్యాకులు మడ అడవిని చూడ వచ్చువారే. నదీమృత్తిక పూడి రేవు చెడినది. ఆ మృత్తికపైననే అడవి విస్తరించినది.

చరిత్ర. వేంగీ చాళుక్యులు మొదలుకొని రెడ్డిరాజుల వరకు ఈ ప్రాంతము నేలినవారి కాలమున గోదావరీ ముఖములు తీరవర్తకమునకు ఉపకరించుచునే యుండెను. పదునేడవ శతాబ్దినుండి విదేశీయుల వ్రాతలు లభించుటచే వృత్తాంతము స్పష్టమగును. 1669-1679 సంవత్సరముల నడుమ బంగాళాఖాత తీరములందు సంచరించిన థామస్ బౌరీ అను ఆంగ్ల నావికుడు, వాసిష్ఠీ తీరమందలి నరసాపురము, దానిని చేరియున్న మాధవాయపాలెములలో కలపయు, ఇనుమును, నేర్పరులగు వడ్రంగులును సులభముగా లభించుటచే ఆంగ్ల వర్తకు లనేకులు అచ్చటనే ఓడలు కట్టించుకొనుచున్నారని వ్రాసెను. ఇట్టి నిర్మాణ విద్య గౌతమీ ముఖమునను వర్ధిల్లినది.

ఆంగ్లేయులు 1708లో సమీపమందలి ఇంజరములో వర్తకస్థానము నెలకొల్పి ఈ ప్రాంతపు నేతవస్త్రములను సేకరింపసాగిరి. ఫ్రెంచివారు యానామునందును, డచ్చివారు కాకినాడను చేరియున్న జగన్నాథపురమునందును స్థిరపడిరి. ఒక దినపు నడకలో మూడు ఐరోపా జాతుల జెండాలు ఎగిరిన ఈ సీమలో వర్తకము పెరిగి, దానితోపాటు ఓడల అవసరమును పెరిగెను. 1758 డిసెంబరులో పిఠాపురము చెంత చందుర్తి యొద్ద జరిగిన యుద్ధమున ఫ్రెంచివారు ఓడిపోవుటతో ఉత్తర సర్కారులలో ఆంగ్లేయుల ప్రాబల్యము స్థిరమయ్యెను. యానాము మాత్రము పలుమార్లు చేతులు మారియు తుదకు ఫ్రెంచివారికే దక్కినది.

కోరంగికి మహర్దశ పట్టినది ఆ తరువాతి ఎనుబది సంవత్సరములలో. గోదావరి ఎగువనున్న కొండలనుండి టేకు దూలములను తెప్పలుగా కట్టి వరదనీటిపై దింపుటకు నది యనుకూలము. ఓడను ఒడ్డునకు లాగి నిలుపుటకు మెత్తని బురదనేల యనుకూలము. కట్టిన ఓడను జలప్రవేశము చేయించుటకు అమావాస్యా పౌర్ణములనాటి పెద్దపోటు అనుకూలము. కలకత్తాకును సింహళమందలి తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలకు మరమ్మతు చేయదగిన తావులు మిక్కిలి అరుదుగా నుండిన ఆ దినములలో ఇచ్చట ఓడల మరమ్మతునకై ఒక డాకు సైతము వెలసినది. బర్మాకును, మారిషస్‌కును తెలుగు కూలీలు బయలుదేరిన రేవులలో ఇది ముఖ్యమగుటచే ఆ దేశములలో తెలుగువారికి ఈ యూరి పేరే వాడుకయ్యెను. కోరంగి పాకెట్ అను ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యమున పగడపు సముద్రమందలి దిబ్బలను ఢీకొని భగ్నము కాగా, ఆ దిబ్బలు నేటికిని కోరంగి దీవులని పటములం దుండుట, ఇంత చిన్న గ్రామమునకు దక్కిన అపురూపమైన గౌరవము.

ఉప్పెనలు. రేవును పెంచిన సముద్రమే దానిని పలుమార్లు కబళించినది. పదునెనిమిదవ శతాబ్ది తుదిలో, 1787, 1789 సంవత్సరముల తుపానులలో తరంగములు ఊరిని ముంచివేసెను. తుపానుల స్వభావమును పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్, 1789 నాటి ఉప్పెనలో మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చిన వైనమును తన గ్రంథమున పొందుపరచెను. 1839 నవంబరు 25న వచ్చినది వీనిని మించినది. నలువది అడుగుల యెత్తున నీరు లేచెనని చెప్పుదురు. మూడు లక్షలమంది మరణించిరనియు, ఇరువదివేల ఓడలు నాశనమయ్యెననియు తరచుగా వ్రాయబడుచున్నది గాని, ఈ యంకెలను యథాతథముగా నమ్ముట కష్టము. చిన్న పడవలనన్నిటిని లెక్కించినను ఒక రేవున నన్ని యుండుట సంశయాస్పదమే. నష్టము ఘోరమన్నది మాత్రము నిర్వివాదము.

అయినను ఉప్పెన కంటె ఒండ్రుమట్టియే కోరంగి క్షీణతకు ప్రధాన కారణము. ముఖద్వారము ఏటేట మెరకవేయగా పెద్ద ఓడలు లోపలికి రాజాలకపోయెను. 1847లో ఆర్థర్ కాటన్ ప్రారంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, కాలువలు కాకినాడను డెల్టాతో కలిపెను. 1861-65 నడుమ జరిగిన అమెరికా అంతర్యుద్ధ కాలమున ప్రత్తి యెగుమతి హెచ్చి వర్తకులు కాకినాడకు తరలిరి. తరువాతి శతాబ్దమున కోరంగి చరిత్ర పల్లె చరిత్రయే.

మడ అడవి. 1978లో 235.70 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున కోరంగి వన్యప్రాణి అభయారణ్యము ఏర్పడినది. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల, గుగ్గిలము మొదలగు చెట్లు ఇందు గలవు. బురదలో గాలి యాడదు గనుక మడచెట్టు వ్రేళ్లు నేలను చీల్చుకొని మేకులవలె పైకి నిలిచి శ్వాసించును. ఉప్పుపొన్న విత్తనము తల్లికొమ్మపైననే మొలకెత్తి, నిడుపైన మొలకగా క్రిందికి జారి బురదలో నాటుకొనును. తిల్ల పాలు కంటబడిన చూపునకు ముప్పు. చెట్ల నడుమ నిర్మించిన చెక్కవంతెనపై నడచుచు వీనిని దగ్గరగా పరిశీలింపవచ్చును; ఆటుసమయమున వెళ్లినవారికి వ్రేళ్ల వింత బాగుగా కనబడును. బావురుపిల్లి, నీటికుక్క, నక్క ఇచ్చటి ముఖ్య జంతువులు. శీతకాలమున వలసపక్షులు విరివిగా వచ్చును. 1996 నవంబరు 6 నాటి తుపానులో మడచెట్ల చాటున నున్న పల్లెలకు ఉప్పెన ధాటి కొంత తగ్గినదని ప్రజలు గుర్తించిన పిదప, కట్టెలకై వీనిని నరుకుట తగదను భావము బలపడెను.

హోప్ ద్వీపము. గోదావరి తెచ్చిన ఇసుకతో ఇంచుమించు రెండువందల ఏండ్లలో ఏర్పడిన, సుమారు 16 కిలోమీటర్ల పొడవుగల ఇసుకదిబ్బ యిది. కాకినాడ అఖాతమునకు అలలు తగులకుండ అడ్డునిలుచుటచే ఓడలు నిర్భయముగా లంగరు వేయును. కోరంగిని చెరచిన ఇసుక కాకినాడకు రక్షణయైనది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతకాలపు తుదిలో ఇచ్చట గ్రుడ్లు పెట్టును.

తాళ్లరేవు. ఓడల విద్య పూర్తిగా నశింపలేదనుటకు ఈ గ్రామము నిదర్శనము. నదీతీరమున నేటికిని చెక్క ఓడలను కట్టు వడ్రంగులున్నారు. వారు కాగితముపై పటము గీయకయే, తరతరములుగా వచ్చిన కొలతలను మనస్సున నిలుపుకొని పని సాగింతురు. సహజముగా వంపు తిరిగిన తుమ్మకొమ్మలను ఏరి ప్రక్కటెముకలుగా నమర్తురు. పలకల సందులలో నూనె పట్టించిన దూదిని ఉలితో దట్టించి, పైన గుగ్గిలము కలిపిన పూత వేయుదురు. ఒక సందు వదలిన ఓడయంతయు చెడునని వారెరుగుదురు. ఇట్టి పనితనమును చూచుటకై ఆగువారు తక్కువగుట విచారకరము.

యానాము. 1954 నవంబరు 1న భారతదేశమున చేరిన ఈ పూర్వపు ఫ్రెంచి స్థావరము ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోని భాగము. 1846లో పూర్తియైన క్రైస్తవ దేవాలయము చూడదగినది. 1929 నాటి శారదా చట్టము ఇచ్చట చెల్లకపోవుటచే ఇరుగుపొరుగు ఆంగ్ల పాలిత గ్రామములవారు బాల్యవివాహములు జరుపుటకు ఇటు తరలి వచ్చెడివారు. ఈ ప్రాంతపు వృద్ధులు ఈ విషయము చెప్పునప్పుడు నవ్వుదురు.

పుణ్యస్థలములు. గోదావరి సప్తశాఖలలో తుల్య సాగరమును చేరు చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్యనాడు స్నానమునకు అసంఖ్యాకులు వత్తురు. ఇచ్చట మొదలగు సప్తసాగర యాత్ర, ఆత్రేయ శాఖ గల కోరంగిమీదుగా సాగి, వాసిష్ఠ సముద్రమును కలియు అంతర్వేదిలో ముగియును. కొంత దూరమున నున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయము పంచారామములలో ఒకటి, శ్రీనాథుని భీమేశ్వర పురాణమునకు వస్తువు. రెండంతస్తుల గర్భాలయమున నున్న లింగము మహోన్నతమైనది, ఆవరణమందలి శాసనసంపద చరిత్రకారులకు నిధి. సామర్లకోటలోని కుమారారామము కూడ చాళుక్య శిల్పమునకు చక్కని తార్కాణము.