ఆకాశం నుంచి దూకేవారి శిరస్త్రాణం

1797వ సంవత్సరం అక్టోబరు 22వ తేదీన ఆంద్రే జాక్ గార్నెరిన్ అనే ఫ్రెంచి దేశస్థుడు పారిస్ నగరంలోని మోన్సో తోట నుంచి బెలూన్‌లో పైకి పోయి, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున బెలూన్‌కు కట్టిన తాడు కోసివేసి, గుడ్డతో చేసిన పారాచూట్ సహాయంతో నేలకు దిగినాడు. ఆ పారాచూట్ నడినెత్తిన గాలి పోవడానికి రంధ్రం లేదు. లోపల చిక్కుకున్న గాలి ఒకసారి ఈ అంచు నుంచి, మరొకసారి ఆ అంచు నుంచి తప్పించుకోవడం వల్ల, కింద వేలాడుతున్న బుట్ట గడియారపు లోలకం వలె భయంకరంగా ఊగినది. అయినా గార్నెరిన్ ప్రాణాలతో బయటపడినాడు. ఆనాటి నుంచి నూరేళ్లకు పైగా పరిశోధకుల దృష్టి ఆ గుడ్డ మీద, తాళ్ల మీద, దానిని మడిచే పద్ధతి మీదనే నిలిచినది. దూకేవాని తల సంగతి ఎవరికీ అంతగా పట్టలేదు.

1919 ఏప్రిల్ 28న అమెరికాలోని డేటన్ నగరం వద్ద మెకుక్ విమానక్షేత్రంలో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, కొంతదూరం స్వేచ్ఛగా పడి, తరువాత తన చేత్తోనే పారాచూట్ తెరిచినాడు. మనిషి గాలిలో పడుతూ స్పృహలో ఉండగలడా, చేయి కదిలించగలడా అన్న సందేహం ఆ ఒక్క ఉరుకుతో తీరిపోయినది. పారాచూట్ చక్కగా విచ్చుకున్నది. కాని నేల తాకినప్పుడు ఇర్విన్ చీలమండ విరిగినది. గాలిలోని గండం గడిచినంత మాత్రాన అపాయం పూర్తిగా తప్పినట్లు కాదని దీనివల్ల తేలినది. ఆనాడు నేలకు కొట్టుకున్నది కాలు. మరొకనాడు అది తల కావచ్చును.

తల ఎక్కడ తగులుతుంది?

పారాచూట్ విచ్చుకోకపోతే హెల్మెట్ వల్ల ప్రయోజనమేమిటని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు లెక్కతోనే సమాధానం చెప్పవచ్చును. బోర్లా పడుకొని స్వేచ్ఛగా పడే మనిషి పది పన్నెండు సెకండ్లలో చరమవేగం అందుకుంటాడు. అది గంటకు సుమారు 200 కిలోమీటర్లు. అంతటి వేగాన్ని ఆపగల హెల్మెట్ లేదు, ఉండబోదు. హెల్మెట్ ఉద్దేశం అది కానే కాదు.

దూకేవాని తలకు దెబ్బ తగిలే చోట్లు వేరే ఉన్నవి. ఇరుకైన విమానంలో లేచి నిలబడేటప్పుడు పైకప్పు తగులుతుంది. బయటికి దూకే క్షణంలో ద్వారబంధం తగులుతుంది. గాలిలో తోటివాని మోకాలో, మడమో, వీపు మీది సంచియో తగులుతుంది. నేల మీద దిగేటప్పుడు కాళ్లు తడబడి పడితే రాయి తగులుతుంది. ఇవన్నీ సెకండుకు కొద్ది మీటర్ల వేగంతో తగిలే దెబ్బలు. వీటిని హెల్మెట్ ఆపగలదు. అయితే గాలిలో స్పృహ తప్పినవాడు పారాచూట్ తెరవలేడు గనుక, నేల మీద చిన్నదనిపించే దెబ్బ అక్కడ ప్రాణాంతకం కావచ్చును. 1987 ఏప్రిల్‌లో అరిజోనా రాష్ట్రంలో ఒక యువతి గాలిలో మరొకరిని ఢీకొని స్పృహ తప్పినది. పైనుంచి చూసిన శిక్షకుడు ఒకడు తలకిందులుగా బాణం వలె దూసుకుపోయి, ఆమెను అందుకొని, ఆమె పారాచూట్ తెరిచినాడు. ఆమె బ్రతికినది. కాని అటువంటి సహాయం అందరికీ అందేది కాదు.

తోలు టోపీ, అంచు లేని ఉక్కు టోపీ

తొలినాటి విమాన చోదకులు తోలు టోపీలు ధరించేవారు. పారాచూట్‌తో దూకేవారికీ అవే సంక్రమించినవి. చలిని, గాలి హోరును తగ్గించడానికి తోలు మంచిదే. దెబ్బను తగ్గించడానికి మాత్రం చాలదు. చర్మం చీరుకుపోకుండా కాపాడుతుందే గాని, మెదడును కాపాడదు.

రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులు వేల సంఖ్యలో విమానాల నుంచి దూకవలసి వచ్చేసరికి ఈ సమస్య తీవ్రమైనది. మన దేశంలో 50వ భారత పారాచూట్ బ్రిగేడు 1941 అక్టోబరులో ఏర్పడినది కూడా ఆ రోజులలోనే. మామూలు ఉక్కు టోపీకి చుట్టూ అంచు ఉంటుంది. దూకేటప్పుడు గాలి ఆ అంచు కింద దూరి టోపీని పైకి లాగుతుంది. పారాచూట్ తాడు దానికి తగులుకోవచ్చును కూడా. అందుచేత జర్మనులు తమ 1935 నాటి ఉక్కు టోపీకి అంచు తీసివేసి, పారాచూట్ సైనికుల కోసం 1938లో కొత్త నమూనా రూపొందించినారు. బ్రిటిషువారు శిక్షణ సమయంలో గుడ్డ చుట్టిన రబ్బరు టోపీలు వాడినారు. అమెరికావారు తమ ఉక్కు టోపీకి గడ్డం కింద అదనపు పట్టీలు అమర్చినారు. మొదట ఆ పట్టీల కొక్కేలు పెళుసుగా ఉండి విరిగిపోతుండగా, తరువాతి నమూనాలో వాటిని మార్చినారు.

ఈ యుద్ధకాలపు అనుభవం రెండు సూత్రాలను స్థిరపరచినది. శిరస్త్రాణం పైభాగం నున్నగా ఉండాలి, దేనికీ తగులుకోరాదు. పట్టీ గట్టిగా ఉండాలి, గాలికి ఊడిపోరాదు. కాని మూడవ సూత్రం, అన్నిటికంటె ముఖ్యమైనది, సైనికుల వద్ద నుంచి రాలేదు. అది ఆసుపత్రి నుంచి వచ్చినది.

ఆక్స్‌ఫర్డ్ పాఠం

1935 మే 13న ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో, అరేబియా యుద్ధంతో ప్రసిద్ధికెక్కిన టి.ఇ. లారెన్స్ మోటారుసైకిలు మీద పోతూ, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయినాడు. అతని తలపై హెల్మెట్ లేదు. ఆరు రోజుల తరువాత మరణించినాడు. అతనికి చికిత్స చేయడానికి పిలిపించిన వైద్యులలో హ్యూ కైర్న్స్ అనే నాడీశస్త్రవైద్యుడు ఒకడు. నివారించదగిన మరణాన్ని చూచిన కైర్న్స్ ఆ విషయాన్ని విడిచిపెట్టలేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ప్రకటించిన వ్యాసం ప్రకారం, యుద్ధం ఆరంభమైన తరువాత 21 నెలలలో బ్రిటన్‌లో 2,279 మంది మోటారుసైకిలు ప్రయాణికులు మరణించినారు. మరణకారణాలలో తల దెబ్బలదే అగ్రస్థానం. హెల్మెట్ ధరించి గాయపడినవారు ఆయన దృష్టికి ఏడుగురే వచ్చినారు. ఆ ఏడుగురూ బ్రతికినారు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటిషు సైన్యం తన మోటారుసైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసినది. 1946లో కైర్న్స్ మరొక వ్యాసంలో మరణాలు క్రమంగా తగ్గిన వైనం చూపించినాడు. అయినా సాధారణ పౌరులకు ఈ నియమం చట్టరూపం దాల్చడానికి బ్రిటన్‌లో 1973 దాకా పట్టినది.

ఆక్స్‌ఫర్డ్‌లోనే హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు మరొక ప్రశ్న వేసుకున్నాడు. పుర్రె పగలకపోయినా మెదడు ఎందుకు దెబ్బతింటుంది? ఆయన జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి పరీక్షించి, 1943లో తన సిద్ధాంతం ప్రకటించినాడు. మెదడు పదార్థాన్ని అదిమి కుదించడం కష్టం. కాని పొరలు పొరలుగా ఒకదానిపై ఒకటి జారేటట్లు చేయడం సులభం. తల హఠాత్తుగా గిర్రున తిరిగినప్పుడు లోపలి భాగం వెనుకబడి, ఈ జారుడు వల్ల మెదడులోని సున్నితమైన పోగులు సాగి తెగుతవి. కనుక హెల్మెట్ పుర్రెకు కవచం మాత్రమే అయితే చాలదు, తల ఆగే తీరునే మార్చవలె.

లోపలి మెత్త రహస్యం

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఒకడు తడబడి పడగా అతని తల ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి నేలకు కొట్టుకున్నదనుకుందాం. అప్పటి వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఆ వేగమంతా 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే, తల మీద పనిచేసే ఋణత్వరణం గురుత్వ త్వరణానికి 750 రెట్లు అవుతుంది. అదే 2 సెంటీమీటర్ల దూరంలో ఆగితే 75 రెట్లు మాత్రమే. ఆగే దూరం పదింతలైతే దెబ్బ పదోవంతు అవుతుంది. హెల్మెట్ శాస్త్రమంతా ఈ ఒక్క నిష్పత్తిలో ఇమిడి ఉన్నది.

అయితే ఆ దూరాన్ని ఇచ్చే పదార్థం స్ప్రింగు వంటిది కారాదు. స్ప్రింగు దెబ్బను దాచుకొని మళ్లీ తిప్పికొడుతుంది. పదార్థం నలిగిపోవలె, గతిజశక్తిని తనలోనే ఖర్చు చేయవలె. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ లోంబార్డ్, హెర్మన్ రాత్ అనేవారు ఇటువంటి నలిగే మెత్త గల హెల్మెట్‌కు 1947లో దరఖాస్తు చేసి 1953లో పేటెంటు పొందినారు. ఇప్పటి హెల్మెట్లలో సాధారణంగా వాడే మెత్త పాలీస్టైరీన్ నురుగు. పెట్టెలలో గాజుసామాను చుట్టూ పెట్టే థర్మోకోల్‌కు ఇది సోదరుడే. వెలుపలి గట్టి చిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది, లోపలి నురుగు నలిగి దానిని మింగుతుంది. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ యథాస్థితికి రాదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారవేయవలెనంటారు.

పేరుకు హెల్మెట్ ఉంటే చాలదని చెప్పే విషాద సంఘటన 1956లో జరిగినది. విలియం స్నెల్ అనే కారు పందెగాడు ప్రమాదంలో తల దెబ్బతో మరణించినాడు. అతడు ధరించిన హెల్మెట్ అతనిని కాపాడలేకపోయినది. అతని మిత్రులు 1957లో స్నెల్ స్మారక సంస్థను స్థాపించి, హెల్మెట్లను పరీక్షించి ప్రమాణాలు నిర్ణయించే పని చేపట్టినారు.

క్రీడారంగంలో వెనుకంజ

పారాచూట్ క్రీడలో తొలి ప్రపంచ పోటీలు 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో జరిగినవి. ఆకాశం నుంచి దూకడం సైనికవిద్య నుంచి వినోదక్రీడగా మారినది. కాని శిరస్త్రాణం విషయంలో ఒక వింత జరిగినది. గాలిలో గుంపులుగా చేతులు పట్టుకొని ఆకృతులు కట్టే పద్ధతి ప్రబలిన తరువాత, 1970ల నాటి నుంచి చాలామంది అనుభవజ్ఞులు గట్టి చిప్పను వదలి మళ్లీ తోలు టోపీకే మరలినారు. అది తేలిక, చూపుకు అడ్డురాదు, చెవికి బాగా వినబడుతుంది. ఇవి నిజమైన సుగుణాలే. కాని దెబ్బ సంగతి మళ్లీ మొదటికి వచ్చినది.

ప్రమాణాలు కూడా ఆలస్యంగానే వచ్చినవి. ఐరోపాలో 1996లో వచ్చిన ఇ.ఎన్. 966 అనే ప్రమాణం పారాగ్లైడింగు, హాంగ్ గ్లైడింగు వంటి క్రీడల కొరకు ఉద్దేశించినది. విమానం నుంచి దూకేవారి హెల్మెట్ల కొరకు ప్రత్యేకంగా ఫ్రాన్సులో 2017లో ఎక్స్.పి. ఎస్. 72-600 అనే ప్రమాణం వచ్చినది. అందుచేత చూడడానికి అందంగా ఉండి, ఏ పరీక్షకూ నిలవని హెల్మెట్లు చాలాకాలం అమ్ముడుపోయినవి.

కొత్తగా దూకేవారు ఏది ఎన్నుకోవాలి?

అమెరికా పారాచూట్ సంఘం నియమాల ప్రకారం, మొదటి లైసెన్సు పొందేవరకు విద్యార్థి గట్టి చిప్ప గల హెల్మెట్ ధరించవలె. శిక్షకుని దేహానికి కట్టుకొని జంటగా దూకేవారికి మినహాయింపు ఉన్నది. జంటగా దూకేటప్పుడు విద్యార్థి తల శిక్షకుని ముఖానికి చేరువలో ఉండడం వల్ల గట్టి చిప్పే అతనికి తగలవచ్చును. ఒంటరిగా దూకే విద్యార్థి తోలు టోపీ జోలికి పోరాదు.

మోటారుసైకిలు హెల్మెట్ వాడవచ్చునా అన్న ప్రశ్న సహజం. దెబ్బను అది బాగానే ఆపుతుంది. కాని దాని బరువు ఒకటిన్నర కిలోల దాకా ఉంటుంది. పారాచూట్ విచ్చుకునే కుదుపులో బరువు నాలుగు రెట్లయితే, మెడ మీద ఆరు కిలోలు వేలాడినట్లవుతుంది. అంతేకాక, తల వంచి రొమ్ము మీది పిడిని, నడుము వద్ద పట్టీలను చూసుకోవడానికి దాని గడ్డపు భాగం అడ్డువస్తుంది.

ముఖమంతా కప్పే హెల్మెట్ దవడను, పళ్లను కాపాడుతుంది. కాని అద్దం మీద ఆవిరి పట్టవచ్చును. విద్యార్థి ముఖకవళికలు శిక్షకునికి స్పష్టంగా కనబడవు. పారాచూట్ కింద వేలాడుతున్న విద్యార్థికి నేల మీది శిక్షకుడు రేడియోలో దారి చెప్పేటప్పుడు మాట సరిగా వినబడకపోవచ్చును. ఇందువల్ల తొలి దశలో ముఖం తెరచి ఉండి, గట్టి చిప్ప, నలిగే మెత్త, నున్నని పైభాగం గల తేలికైన హెల్మెట్, దానికి తోడుగా కళ్లద్దాలు మేలు.

కొలత అన్నిటికంటె ముఖ్యం. కనుబొమల పైన ఒక వేలెడు ఎత్తులో తల చుట్టూ టేపు పెట్టి కొలవాలి. ధరించి పట్టీ బిగించిన తరువాత హెల్మెట్‌ను చేత్తో కదిపితే నుదుటి చర్మం దానితోపాటే కదలాలి. వెనుక అంచు పట్టి పైకి తోసినప్పుడు అది ముందుకు ఊడిరాకూడదు. గాలి తాకిడి వేగవర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి కంటె 200 కిలోమీటర్ల గాలి పదహారు రెట్లు బలంగా లాగుతుంది. ఇంట్లో అద్దం ముందు కొంచెం వదులుగా ఉన్న హెల్మెట్ ఆకాశంలో కళ్ల మీదకు జారుతుంది.

కెమెరా వంటి అదనపు పరికరాలను కొత్తవారు హెల్మెట్‌కు తగిలించరాదు. తాడు తగులుకోవడానికి ఒక చిన్న కొక్కెం చాలు. 1938లో జర్మనులు ఉక్కు టోపీ అంచు కోసివేసినది ఈ అపాయం తప్పించడానికే.