పావగడలో ఫోను రిపేరు

మా నాయన పావగడలో రేడియోలు బాగుచేసేవాడు, నేను సెల్‌ఫోన్లు చేస్తున్నా. ఊరు కర్ణాటకలో ఉన్నా ఇండ్లలో తెలుగే ఎక్కువ. బంధుత్వాలు మడకశిర, అనంతపురం వైపు. ఒకప్పుడు అనంతపురానికి మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్‌లో మీటరు చూసుకుంటూ గబగబా ముగించాల్సిందే. 2006లో బీఎస్ఎన్ఎల్ దేశమంతటికీ నిమిషం రూపాయి చేసింది. స్మార్ట్‌ఫోన్లొచ్చాక స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదీ మాట్లాడుతున్నారు.

“స్పీకరేస్తే మా మాట అవతలికి పోదన్నా” అని తెస్తారు. ముందు పౌచ్ తీస్తా. చాలా ఫోన్లకు పైన ఇంకో మైకుంటుంది, దాని రంధ్రం మూసుకుంటే గొంతు అణిగిపోతుంది. శెనక్కాయలు ఒలిచే కాలంలో మైకు జాలీ నిండా దుమ్మే. పొడి బ్రష్షుతో మెల్లగా తుడిస్తే చాలు. దయచేసి సూది మాత్రం గుచ్చొద్దు, లోపలి మైకు పాడవుతుంది.