పెదవికి పట్టిన గ్రహణం

మన తెలుగులో పెదవికి పేర్ల కరువు లేదు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు పెదవి, పెదిమ. కావ్యాల్లోకి తొంగి చూస్తే మోవి, వాతెర. కాస్త ఎర్రగా ఉంటే కెమ్మోవి. సంస్కృతం ఇచ్చినవి అధరం, ఓష్ఠం. అధరమంటే అసలు కింది పెదవట! దాన్ని కవులు పట్టుకుపోతే, ఓష్ఠం వైద్యులకూ, వ్యాకరణం పంతుళ్ళకూ మిగిలింది. మన ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అలిగితే మూతి ముడుస్తాం, చీర నచ్చకపోతే పెదవి విరుస్తాం, అత్తగారి ఎదుట మాత్రం పెదవి కదపం.

రెండు పెదవులూ కలిస్తే గాని పలకని అక్షరాలు ప, ఫ, బ, భ, మ. వీటిని ఓష్ఠ్యాలంటారు. నమ్మకం లేకపోతే పెదవులు కలపకుండా 'అమ్మ' అనండి చూద్దాం!

అలా పెదవులు కలపకుండానే ఏకంగా కావ్యం రాసిన మహానుభావుడున్నాడు. మరింగంటి సింగరాచార్యులు. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలం వాడు. ఆ సుల్తాను 1550 నుంచి 1580 దాకా రాజ్యం చేశాడు. తెలుగు కవులను ఆదరించి, వాళ్ళ నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. సింగరాచార్యులు చెప్పదలచుకున్నది రాముడి కథ. కాని రాముడనడానికి వీల్లేదు, మకారం అడ్డు. రాఘవుడనడానికీ లేదు, వకారానికి కింది పెదవి కావాలి. పెదవులు గుండ్రంగా చుట్టే ఉ, ఒ లాంటి అచ్చులూ కూడవు. అందుకే ఆ నిరోష్ఠ్య కావ్యానికి 'దశరథరాజనందన చరిత్ర' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఒకసారి పైకి చదవండి. పెదవికి పెదవి తగలదు.

ఆ సుల్తాను పేరు మోస్తున్న ఊరే రంగారెడ్డి జిల్లాలోని మా ఇబ్రహీంపట్నం. పెద్ద చెరువూ ఆయన కాలందేనని చెబుతారు. ఆయన పోయిన నాలుగువందల ఏళ్ళకు, 1980లో, మా ప్రాంతం పేరు దేశమంతా వినబడింది. అదీ గ్రహణం పుణ్యాన!

దగ్గర్లోని జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి నక్షత్రశాల ఉంది. 48 అంగుళాల పెద్ద దూరదర్శిని అక్కడ 1968లో వెలిసింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం, సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ దారినే వెళ్ళింది. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడినుంచో పెట్టెలూ పరికరాలూ మోసుకొని వచ్చారు. దాదాపు రెండు నిమిషాలు పట్టపగలు చీకటి పడింది. వాళ్ళు ఆకాశం చూడడానికి వస్తే, మేం తలుపులు బిగించుకొని కూర్చున్నాం.

అప్పుడు మా వదినకు ఐదో నెల. అమ్మ ఆవిణ్ణి చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టింది. కత్తిపీట ముట్టగూడదు, కాలు ముడవగూడదు. ఎందుకమ్మా అంటే, "పిల్లకు గ్రహణంమొర్రి వస్తది" అంది. పై పెదవి చీలి పుట్టడాన్నే మనవాళ్ళు అలా అంటారు. వదినకు చక్కని పిల్ల పుట్టింది. గది కాపాడిందని అమ్మ మురిసిపోయింది.

మరి ఆ వీధిలోనే ఇంకొక ఇల్లాలు కూడా అలాగే గదిలో పడుకుందండీ. ఆమెకు అప్పుడే నెల తప్పింది. పుట్టిన పాపకు పెదవి చీలి ఉంది. అత్తగారు ఊరుకుందా?

"కిటికి సందులకెంచి చూసినవేమో, యాద్ జేస్కో."

"చూడలే అత్తమ్మా."

"మరెట్ల ఒచ్చింది?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. పేరంటాలకు రావడం మానేసింది. ఎవరైనా ఎదురైతే పాప మూతి మీదికి కొంగు లాగేది.

జవాబు వైద్యుల దగ్గర ఉంది. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కలనుంచీ పెరుగుతూ వచ్చి నడుమ కలుస్తుంది. పెదవి ఏర్పడేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. చాలామందికి నెల తప్పిందని రూఢి అయ్యేది కూడా అప్పుడే! ఆ కలయిక పూర్తికాకపోతే చీలిక మిగులుతుంది. వంశంలో ఉండడం, తల్లికి ముందే షుగరు ఉండడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగ తాగడం వంటివి ఆ అవకాశాన్ని పెంచుతాయి. చాలాసార్లు ఫలానా కారణమని చెప్పలేరు. రాహుకేతువులకు మాత్రం సంబంధం లేదు. మా వదినకు ఐదో నెల కదా, బిడ్డ పెదవి గ్రహణానికి ఎన్నో వారాల ముందే అతుక్కుపోయింది. గదికి దక్కిన పేరు ఉత్తిదే.

ఈ నమ్మకం మనదొక్కటే అనుకోకండి. మెక్సికోలోనూ ఉంది. గ్రహణమంటే చందమామను ఏదో కొరకడమనీ, అది చూస్తే బిడ్డ పెదవి కూడా కొరికినట్టవుతుందనీ అక్కడి పాతకాలంవాళ్ళ భయం. మనం కత్తిపీట దాచేస్తే, వాళ్ళు గర్భిణి ఒంటిమీద ఇనుప ముక్క కట్టుకునేవారు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'కుందేలు పెదవి' అనేవారు. బిడ్డను జంతువుతో పోల్చడమేమిటని ఆ మాట ఇప్పుడు వదిలేశారు.

తెగిన పెదవిని అతకడం మనకు కొత్తవిద్య కాదు. ముక్కు అతికే పద్ధతి చెప్పిన సుశ్రుతుడు ఓష్ఠసంధానమూ చెప్పాడు. ఇప్పుడు చీలిన పెదవిని సాధారణంగా బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో కుడతారు. అంగిలి కూడా చీలితే ఏడాదిన్నర లోపల దాన్నీ సరిచేస్తారు. అంతదాకా పాలు పీల్చలేని బిడ్డను నిటారుగా ఒళ్ళో పట్టుకొని, మన ఉగ్గుగిన్నెతోనే మెల్లగా పట్టవచ్చు. ఆలస్యమైతే ప, బ లాంటి అక్షరాలు స్పష్టంగా రావు, ముఖ్యంగా అంగిలి చీలినవాళ్ళకు. సింగరాచార్యులకు నిరోష్ఠ్యం పాండిత్యం. ఆ పసిదానికి శిక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపాన్ని గుర్తించి, చికిత్సకు పంపే ఏర్పాటుంది.

మా వీధి పాపకూ పట్నంలో ఆపరేషను చేయించారు. ముక్కు కింద సన్నని గీత తప్ప ఏమీ మిగల్లేదు. పిల్ల పెరిగి పెద్దదై, పెళ్ళి కూడా అయింది. మొన్న వాళ్ళమ్మ కనబడి, ఆ మాటా ఈ మాటా అయ్యాక గొంతు తగ్గించి అడిగింది: "నిజం చెప్పమ్మా, ఆ దినం నేను గిట్ల కిటికి దిక్కు చూసిన్నంటవా?"

బిడ్డ పెదవికి పడ్డ కుట్లు ఎప్పుడో మానిపోయాయి. ఈ తల్లి గాయం ఇన్నేళ్ళకూ మానలేదు. అది చేసింది గ్రహణం కాదు, ఆ పేరు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలే అన్నారు కదా! ఇకమీదట అలాంటి బిడ్డ కనబడితే 'చీలిన పెదవి' అందాం. మొర్రి ముందున్న ఆ గ్రహణాన్ని మన నోటితోనే విడిపిద్దాం.