పింజరాపోలు నుండి శాసనానికి: రుక్మిణీదేవి అరండేల్ కృషి

సూరత్ చరిత్ర అనగానే తాపీ నదిపై రేవు, జరీ పరిశ్రమ, ఆంగ్లేయుల వర్తక స్థావరం స్ఫురిస్తాయి. ఆ నగరంలో విదేశీయులను ఆశ్చర్యపరచిన సంస్థ మరొకటి ఉండేది. 1689 నాటి తన సూరత్ యాత్రను గ్రంథస్థం చేసిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, రోగగ్రస్తమైన, వయసుడిగిన ఆవులకు, గుర్రాలకు, మేకలకు, కుక్కలకు ఆశ్రయమిచ్చే వైద్యశాల ఒకటి అక్కడ ఉన్నదని వర్ణించాడు. గుజరాత్‌లో ఇటువంటి ఆశ్రయాలకు పింజరాపోలు అని పేరు. జైన, వైష్ణవ వర్తకుల ఆదరణతో, వ్యాపారంపై మహాజన సంఘాలు విధించుకున్న లాగాలతో ఇవి నడిచేవి.

ఆ కరుణ గొప్పదే. అయితే దాని మనుగడ దాతల మనసుపై ఆధారపడి ఉండేది. పింజరాపోలు చేరిన ఎద్దు సురక్షితం. కాడి కింద నలిగే ఎద్దుకు ఆ గోడలు అక్కరకు రావు. స్వతంత్ర భారతంలో ఈ దయను చట్టబద్ధమైన బాధ్యతగా మార్చడానికి పూనుకున్న వ్యక్తి ఒక నర్తకి కావడం విశేషం.

రుక్మిణీదేవి 1904లో మధురలో జన్మించారు. దివ్యజ్ఞాన సమాజపు వాతావరణంలో పెరిగి, 1920లో జార్జ్ అరండేల్‌ను వివాహమాడారు. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా పరిచయం ఆమెను నాట్యం వైపు మళ్లించింది. పందనల్లూరు మీనాక్షీసుందరం పిళ్లై వద్ద శిక్షణ పొంది, 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చారు. మరుసటి ఏడు కళాక్షేత్రాన్ని స్థాపించారు. శృంగారానికి ఆమె విధించిన హద్దులను బాలసరస్వతి వంటి సంప్రదాయ కళాకారిణి అంగీకరించలేదు. అయినప్పటికీ మేలట్టూరు భాగవత మేళ సంప్రదాయానికి చెందిన తెలుగు నాటకాలకు కళాక్షేత్ర వేదికపై స్థానం కల్పించినందుకు తెలుగువారు ఆమెకు ఋణపడి ఉన్నారు.

1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి, మరుసటి సంవత్సరం జంతుహింస నివారణకు ఒక అనధికార బిల్లును ప్రవేశపెట్టారు. అప్పటికి అమలులో ఉన్నది 1890 నాటి పరిమిత చట్టమే. ప్రభుత్వమే సమగ్రమైన చట్టాన్ని తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వగా, ఆమె తన బిల్లును ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960 డిసెంబరులో చట్టరూపం దాల్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. 1986లో మరణించేవరకు ఆ బాధ్యత వహించారు.

ఈ విజయం సంపూర్ణమైనది కాదు. మతాచారం కోరిన పద్ధతిలో జరిగే జంతువధను 28వ సెక్షన్ నేరంగా పరిగణించలేదు. శాస్త్ర ప్రయోగాలను 14వ సెక్షన్ అనుమతించింది. మొదటి నేరానికి విధించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు మాత్రమే. అయినా, జంతువు బాధను దాని యజమాని సొంత వ్యవహారంగా కాక రాజ్యం పట్టించుకోవలసిన విషయంగా గుర్తించిన ఈ చట్టం ప్రభావం తక్కువది కాదు. తన కళను తానే ఎంచుకున్న నర్తకి కృషి ఫలించిన ఈ చట్టంలో, బలవంతంగా ఆడించబడే ప్రదర్శన జంతువులకు ప్రత్యేక అధ్యాయమే ఉండటం గమనార్హం. 2014లో జల్లికట్టుపై సుప్రీంకోర్టు తీర్పు ఆమె నడిపిన బోర్డు వేసిన వ్యాజ్యంలోనే వెలువడింది. తరువాత రాష్ట్రాలు చేసిన సవరణలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించడంతో, ఆచారానికీ కరుణకూ మధ్య వాదం ఎంత పాతదో, ఎంత సజీవమో మరోమారు తేటతెల్లమైంది.

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి ఆమెకు రాష్ట్రపతి పదవిని సూచించగా ఆమె నిరాకరించారు. ఆ ఏడు నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మొరార్జీ లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గం సూరతే. పదవులు వద్దన్న ఆమె కృషికి గుర్తుగా శాసనమే మిగిలింది. దాని 35వ సెక్షన్‌లో, హింసకు గురైన జంతువును న్యాయస్థానం పంపదగిన చోటుగా పింజరాపోలు పేరు కనిపిస్తుంది. వర్తకుల వితరణతో వెలసిన మాట ఆ విధంగా దేశ శాసనంలో చేరింది. ఆ మాటకు అర్థం నిలపడం ఇక అమలు చేసే అధికారుల చేతిలో ఉంది.