ఇల్లు కదిలితే

పోయిన వేసవిలో అమ్మ న్యూజెర్సీకి మా దగ్గరికి వచ్చింది. "ఇక్కడ ఒక ఇంటిని ఇల్లుగానే ఎత్తి వేరేచోట పెట్టారమ్మా, చూసొద్దాం" అంటే నమ్మలేదు. శ్రీశైలం డ్యాం నీళ్ళలో ముంపుకి పోయిన ఊళ్ళలో వాళ్ళదీ ఒకటి. తాతయ్య ఇల్లు విప్పించి దూలాలు, తలుపులు, గడప బండిమీద తెచ్చుకున్నాడు. ఇల్లు మార్చడమంటే అమ్మకు తెలిసింది అదే.

న్యూయార్క్‌ హార్లెమ్‌లో ఉన్న ఆ ఇంటి పేరు హామిల్టన్ గ్రేంజ్. అమెరికా మొదటి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1802లో కట్టించుకున్నాడు. రెండేళ్ళకే, 1804 జూలైలో, ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి పోయాడు. అప్పులు, ఏడుగురు పిల్లలు భార్య ఎలిజాకి మిగిలాయి. అయినా ఆవిడ 1833 దాకా ఆ ఇంటిని వదల్లేదు. ఊళ్ళో అందరూ ఆయన ఇల్లంటారు గానీ, నాకైతే అది ఆవిడ ఇల్లే.

తర్వాత ఊరు పెరిగి, కొత్త వీధి ఇంటి మీదుగా వచ్చింది. 1889లో ఒక చర్చి ఆ ఇంటిని తీసుకుని దగ్గర్లోనే ఇంకో వీధికి జరిపింది. ఆ ఇరుకులో పట్టించడానికి వసారాలు తీసేశారు, మెట్లు మార్చేశారు, ముఖద్వారం పక్కకు పోయింది. చర్చికీ అపార్ట్‌మెంటుకీ మధ్య దశాబ్దాలపాటు నలిగిపోయింది పాపం.

2008 జూన్‌లో మళ్ళీ కదిలించారు. చర్చి వసారా అడ్డం. అందుకని కింద ఇనుప దూలాలు దూర్చి, జాకీలతో కొంచెం కొంచెం లేపుతూ, కర్రదిమ్మెలు పేరుస్తూ సుమారు 38 అడుగులు ఎత్తి, చర్చి వసారా మీదుగా బయటికి తెచ్చారు. చక్రాలమీద మెల్లగా సెయింట్ నికోలస్ పార్కుకు నడిపించారు. పునాది మాత్రం రెండుసార్లూ వెనకే ఉండిపోయింది. పోయిన వసారాలు, మెట్లు పాతవాటిలా మళ్ళీ కట్టి 2011లో తెరిచారు.

ఇంత చేసినా ఒక పేచీ మిగిలింది. ఎలిజా కాలంలో ఇంటి ముఖం నైరుతికి ఉండేది, ఇప్పుడు ఈశాన్యానికి. మన వాస్తు లెక్కలో మంచిదేననుకోండి! కానీ అక్కడివాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు.

అమ్మ మెట్లమీద కూర్చుని అంతా విని, "మన గడప కూడా మీ మామయ్య తూర్పుకే పెట్టించాడే. కానీ అక్కడ గడపలో నిలబడితే కృష్ణ కనపడేది. ఇప్పుడు ఎదురింటి గోడ" అంది.