రెక్కల సింహాల ముచ్చట

మంటకు జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. మగ్గం ముచ్చట చెప్పుమంటిరి గద, ఇయ్యాల మస్తు దూరపు మగ్గం ముచ్చట చెప్త.

సమర్‌కంద్ పేరు ఇన్నరా? ఆ ఊరి పక్కన అఫ్రాసియాబ్ అనే పాత దిబ్బ ఉన్నది. 1965ల ఆడ ఏడో శతాబ్దపు గోడబొమ్మలు బయటపడ్డయి. రాజు కొలువుకొచ్చిన రాయబారుల అంగీలు చూడాలె! ముత్యాల గుండ్రాలు, గుండ్రానికో జంతువు. అండ్ల ఒకదాన్ని సెన్మూర్వ్ అంటరు. కుక్క మూతి, సింహం పంజా, రెక్కలు, నెమలి తోక. ఇరాన్ల తాక్-ఎ-బుస్తాన్ రాతి మీద రాజు అంగీకి గూడ గిదే బొమ్మ.

ఆ దిక్కు పట్టుబట్టల మీద జంతువులు శానా మట్టుకు జంటగ, ఎదురెదురుంగ నిలవడ్తయి. అందం కోసమంటరు సదువుకున్నోళ్లు. నేసినోన్ని, నన్నడుగుండ్రి. ఒక్క సింహానికి తాళ్లు కట్టుకుంటే సాలు, వాటినే తిరగేసి వాడితే రెండోది దానంతటదే పడ్తది. సగం కట్టుడు తప్పె! తాళ్లు లేపెటందుకు మనకు జకార్డు అట్టలున్నయి. ఆళ్లకు ఒకడు తాళ్లు గుంజాలె, ఒకడు నెయ్యాలె.

ఇగ మంగోలులు వచ్చిండ్రు. 1221ల నేతగాళ్ల ఊరు హెరాత్ ఆళ్ల చేతికి చిక్కింది. నేతగాళ్లను మాత్రం సంపలే, ఇంటిల్లిపాదిని తూర్పుకు తోలుకపోయిండ్రు, బెష్‌బాలిక్ దాంక. గది ఇప్పుడు చైనాల షింజియాంగ్ దిక్కున్నది. ఖాన్లకు, అంటే ఆళ్ల రాజులకు, నసీజ్ కావాలె మరి, బంగారు పోగు నేసిన పట్టు. సన్నటి తోలు పొర మీద బంగారం అంటించి, సన్నగ పట్టీలు కోసి, దారానికి సుట్టెటోళ్లు. ఆ ఓపిక ఇప్పుడెవనికున్నది?

ఆ కాలపు మధ్య ఆసియా పట్టొకటి అమెరికాల క్లీవ్‌లాండ్ మ్యూజియంల ఉన్నది. గుండ్రాలల్ల రెక్కల సింహాల జంటలు, సందులల్ల గ్రిఫిన్లు. గ్రిఫినంటే గద్ద తల, సింహం ఒళ్లు. సింహం తోక ఎంబడి పోతే కొసకు ఇంకో తల, డ్రాగన్‌ది! జంట సింహాలు ఇరాన్ పద్ధతి, రెక్కల మీది మబ్బు మెలికలు చైనా పద్ధతి. తోలుకపోయిన చేతులు, కొత్తగ చూసిన కండ్లు, రెండూ ఒక్క బట్టల కలిసినయి.

కొన్నేండ్లకు ఒగొదెయ్ ఖాన్ హెరాత్‌ను మళ్ల నిలబెట్టాలనుకున్నడు. నేతగాళ్ల పెద్ద ఇజ్జుద్దీన్‌ను కొంతమందితోని ఎనక్కి పంపిండు. అందరినైతే పంపలే. ఖాన్‌కు పట్టు ఆగొద్దు గద.